బతికొచ్చిన పోలయ్యకు ముగ్గురు వైద్యులు

కొత్తపేట చుట్టుపక్కల నన్ను పిచ్చివైద్యుడంటారు. పిచ్చికి వైద్యం చేసేవాడనో, వైద్యం చేసే పిచ్చివాడనో నలభై ఏళ్ళుగా నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నిజం చెబుతారేమోనని భయం.

ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. కల్వంలో మందు నూరితే సగం కల్వంలో, సగం పంచె మీద పడుతోంది. అందుకే పని మానేశాను. అయినా వారానికి ఒకరైనా గుమ్మంలోకి వచ్చి, "మనసు వైద్యం నేర్చుకోవాలండీ, ఏం చదవాలండీ, ఎన్నేళ్ళు పడుతుందండీ" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నాను. ఏ జమీందారు నాకు శాలువా కప్పాడన్నది ఇందులో ఉండదు. ఆ శాలువాకు ఎప్పుడో చెదలు పట్టాయి.

ఎవరి పని ఏమిటి

మనిషికి మనసు చెడితే మా సీమలో తట్టడానికి మూడు తలుపులున్నాయి. మూడింటిలో ఉండేవాళ్ళనూ జనం వైద్యులనే అంటారు. పని మాత్రం ఒకటి కాదు.

మొదటివాడు నాలాంటి మందు వైద్యుడు. వీడికి గురువు ఇంట్లో పదేళ్ళు పడుతుంది. శ్లోకాలు కంఠస్థం కావాలి. నాడి తెలియాలి. సరస్వతి ఆకుకూ, అలాగే కనిపించే గడ్డికీ తేడా చీకట్లో వాసన చూసి చెప్పగలగాలి. ఇవన్నీ ఉన్నా మోచేతిలో బలం లేకపోతే పనికిరాడు. నా పదేళ్ళలో ఆరేళ్ళు నూరడమే.

రెండోవాడు భూతవైద్యుడు. మా వైపు ఈ పనిలో గవరయ్యను మించినవాడు లేడు. అతనికి అక్షరం ముక్క రాదు. కావలసింది గొంతు. గవరయ్య ఒక వీధిలో అరిస్తే మూడో వీధిలో గేదెలు పాలు ఎగ్గొట్టేవి. నలభై రోజులు శ్మశానంలో కూర్చుంటే గాని ఈ విద్య పట్టుబడదంటారు. నిజమేనా అని ఒకసారి అడిగాను.

"కూర్చున్నానండీ. దయ్యాలు రాలేదండి, దోమలొచ్చేయి" అన్నాడు.

అలా నవ్విస్తాడు గాని, ఏ ఇంట్లోకి వెళ్ళినా ఎవరు ఎవరిని చూసి తల దించుకుంటున్నారో ముందు కనిపెడతాడు. వేపమండ తర్వాత తీస్తాడు.

మూడో మనిషి సోదెమ్మ. బుట్ట నెత్తిన పెట్టుకుని, బెత్తం పట్టుకుని ఊరూరూ తిరిగే పైడమ్మ. చనిపోయినవాళ్ళు ఆమె నోట మాట్లాడతారని నమ్మకం. ఈ పనికి కాళ్ళు కావాలి, జ్ఞాపకం కావాలి. రాజోలు నుంచి కాట్రేనికోన దాకా ఏ పిల్ల ఏ ఇంటికి కోడలయిందో, ఏ ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదో ఆమెకు తెలుసు. ఆ విద్య తల్లి నుంచి కూతురికే వస్తుంది. బయటివాళ్ళకు చెప్పరు. నేను అడిగి చూశాను.

కుర్రతనంలో నాకు మిగతా ఇద్దరన్నా లోకువే. నేను పుస్తకం చదువుకున్నవాణ్ణి కదా.

నెయ్యి తిన్న నటుడు

మా గురువుగారిది ముక్తేశ్వరం. ముక్కుపొడి పట్టు పట్టకుండా మాట మొదలుపెట్టేవారు కాదు. తుమ్ము వచ్చేదాకా మేం నోరు తెరుచుకుని ఎదురుచూసేవాళ్ళం. కోపం వచ్చినా అంతే, తిట్టుకు ముందు తుమ్ము.

నా చేతికి ఇచ్చిన మొదటి రోగి ఒక నేతగాడు. అన్నగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తమ్ముడు కొబ్బరితోటలోకి ఒంటరిగా పోయి ఆడగొంతుతో మాట్లాడుతున్నాడట, ఏడుస్తున్నాడట, ఉత్తరీయంతో ముఖం కప్పుకుని చెట్టుమీద అలుగుతున్నాడట. నేను నాడి చూశాను, శ్లోకం చదివాను, ఉన్మాదమని తేల్చాను. సరస్వతి ఆకుతో కాచిన నెయ్యి ఇరవై రోజులు పట్టించాను. రోగి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. గిన్నె కూడా నాకేవాడు.

ఇరవై ఒకటో రోజు భాగోతం మేళం పెద్ద మా గురువుగారి ఇంటికి వచ్చాడు.

"ఏవండీ, మా ఆడవేషం వాడికి మీరేం పెడుతున్నారండీ? రవిక పట్టడం లేదండి!"

నేతగాడు తోటలో చేస్తున్నది పాఠం వల్లించడం. మరి నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, "నెయ్యి బాగుందండి" అన్నాడు.

గురువుగారు పొడి పీల్చారు. తుమ్మారు. తర్వాత అడిగారు.

"రోగిని చూశావు. రోగి అని చెప్పినవాణ్ణి చూశావా?"

నేను చూడలేదు. తమ్ముడు మేళంలో చేరడం అన్నగారికి ఇష్టం లేదు. అందుకు నా దగ్గర మందు లేదు. పదేళ్ళ చదువులో నాకు ఇదొక్కటే పాఠం మిగిలిందనుకోండి. అదైనా ఒక్కసారికి ఎక్కలేదని తర్వాతి సంగతి చదివితే మీకే తెలుస్తుంది.

కాట్రేనికోన నుంచి కబురు

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, కాలువలు కొంచెం కొంచెంగా మా లంకల వైపు తవ్వుకొస్తున్న రోజులవి. గురువుగారు పోయారు. కొత్తపేటలో నాకు పేరు వచ్చింది, పేరుతోపాటు కొంచెం పొగరు కూడా. అప్పుడు కాట్రేనికోన నుంచి బంగారమ్మ అనే చేపల వేటగాళ్ళ ఇంటి పెద్దావిడ కబురు పంపింది. కోడలికి పిచ్చి పట్టింది, వచ్చి చూడమని.

ముక్తేశ్వరం దగ్గర పడవెక్కి గౌతమి మీదుగా వెళ్ళాను. బంగారమ్మ రేవుకే ఎదురొచ్చి, నడుస్తూనే కథంతా చెప్పింది.

ఆమె కొడుకు పోలయ్య రెండేళ్ళ కిందట వేటకు వెళ్ళాడు. పడవలో తోడు అప్పన్న. అతను బంగారమ్మ కోడలు నూకాలుకు తమ్ముడు, పద్దెనిమిదేళ్ళవాడు. వాళ్ళ పుట్టింట్లో ఇంకెవరూ మిగలక అక్క దగ్గరే ఉండేవాడు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలివానకు పడవ తిరగబడింది. చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మనుషులు రాలేదు. నెల చూసి ఇద్దరికీ కర్మ చేశారు. నూకాలు గాజులు తీసేసింది. రెండేళ్ళు ఒక్క కన్నీటిబొట్టు లేకుండా వలలు అల్లుకుంటూ బతికింది.

ఎనిమిది రోజుల కిందట పోలయ్య నడుచుకుంటూ వచ్చాడు. ఏదో ఓడ తనను సముద్రంలోంచి తీసి బర్మాలోని రంగం రేవుకు తీసుకుపోయిందనీ, అక్కడ కూలి చేసి మరో ఓడెక్కి వచ్చాననీ చెప్పాడు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. నూకాలు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి, "దయ్యం! లోపలికి రానివ్వను" అంది.

"అప్పట్నించీ నా కొడుకు వాకిట్లోనేనండి" అంది బంగారమ్మ. "వచ్చే పున్నమికి కోడలికి నయం కాపోతే పుట్టింటికి పంపేసి, వీడికి మారుమనువు చేస్తామంటున్నారండి కులపెద్దలు. పుట్టిల్లంటూ దానికేదండీ? ఆ ఉన్న ఒక్కడూ పోయేడు కదండీ."

వాకిట్లోకి అడుగుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. బొద్దుమీసాలున్న మనిషి ఒకడు విస్తరి ముందు కూర్చుని ఆకాశంలోకి చూస్తూ, "కా, కా, రామ్మా తల్లీ" అని బతిమాలుతున్నాడు. ఎవరా అనుకున్నాను. పోలయ్యే. నూకాలు అతనికి పూటపూటా అన్నం పెడుతోంది. పోయినవాళ్ళకు పెట్టినట్టు పెడుతోంది. కాకి ముట్టాకే అతను తినాలి. పొరుగింట్లో చేపలు ఎండబెట్టిన రోజు కాకులన్నీ అక్కడే. ఆ రోజు పోలయ్యకు పస్తు.

నేను నూకాలును చాలాసేపు పరీక్షించాను. తిథి చెప్పింది. వారం చెప్పింది. వల కన్ను ఒక్కటి తప్పకుండా అల్లుతూ చెప్పింది.

"మరి వాకిట్లో ఉన్నది ఎవరమ్మా?"

"మా ఆయన దయ్యమండి."

"దయ్యమని ఎలా తెలిసింది?"

"బతికున్నోడైతే కబురంపేవోడండి. కబురు రాలేదు కాబట్టి చచ్చినోడేనండి."

తర్కంలో నాకు తప్పు దొరకలేదు. తప్పు దొరకనప్పుడు ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. ఒక్క విషయంలో మాత్రమే బుద్ధి తప్పే ఉన్మాదమొకటి ఉందని శ్లోకం గుర్తొచ్చింది. సంతోషంగా నెయ్యి ఇచ్చాను.

వారం తర్వాత ఎలా ఉందమ్మా అని అడిగితే, "మీ నెయ్యి చాలా మంచిదండి. ఆయన పేర పెట్టిన దీపం తెల్లారేదాకా వెలుగుతోందండి" అంది.

వేపమండ ఎవరి మీద

నా నెయ్యి దీపానికి పోవడంతో బంగారమ్మ గవరయ్యను పిలిపించింది. నేను అవమానంతో వెళ్ళిపోవాల్సింది. కాని వేడుక చూద్దామని ఉండిపోయాను.

గవరయ్య వాకిట్లో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పిచ్చి ఆమెకైతే ఆమెను కొట్టాలి. దయ్యం అతనైతే అతన్ని కొట్టాలి. గవరయ్య వేపమండ ఎత్తి పోలయ్య వీపు మీద వేశాడు.

"ఎవరు నువ్వు? ఎక్కణ్ణించొచ్చేవు?"

"పోలయ్యనండీ! రంగం నించండీ!"

"రంగం నించి ఏ ఓడలో వచ్చేవు?"

"పెద్ద ఓడండీ!"

"ఏ రేవులో దిగేవు?"

పోలయ్య నోరు తెరిచి మూశాడు. గవరయ్య మండ దించేశాడు. ఇవాళ్టికి చాలు, గాలి బాగా లేదని చెప్పి, నన్ను పాకల చాటుకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. అతని గొంతు తగ్గడం నేను విన్నది అదొక్కసారే.

"ఆవిడకేం లేదండి వైద్యులుగారూ. కొడుతుంటే ఊరు నన్ను చూసింది, ఈడు మాత్రం పెళ్ళాన్ని చూసి తల దించుకున్నాడు. ఈడేదో మింగేడండి. కక్కించడం మండతో అయ్యేది కాదు. పైడమ్మను పిలవండి."

పైడమ్మ మర్నాడు వచ్చింది. బుట్ట దించి, ముందు నూకాలు చెయ్యి చూసింది. తర్వాత పోలయ్య చేతులు రెండూ పట్టుకుని అరచేతులు నిమిరింది. ఊరు చుట్టూ మూగింది. సోదె మొదలుపెట్టమని అరిచారు. పైడమ్మ బెత్తం కింద పెట్టేసింది.

"ఇయాళ అమ్మవారు పలకటం లేదు" అని లేచిపోయింది.

రేవు దారిలో నా కోసం ఆగింది.

"ఆ చేతులు తాడు మరిచిపోయేయండి. రాయి మోసిన చేతులు, పార పట్టిన చేతులు. ధవళేశ్వరం వైపు తిరిగొచ్చినప్పుడు ఇలాంటి చేతులు వేలల్లో చూసేను. రంగం లేదు, ఓడ లేదండి."

"మరి సోదెలో చెప్పేయకపోయావా?"

"నేను చెప్తే ఊరంతా వింటుందండి. మీరైతే ఒక్కరే వింటారు. ఈ పని మీది."

ముగ్గురిలో నేను లోకువగా చూసిన ఇద్దరూ కలిసి రోగి ఎవరో నాకు చూపించారు. నెయ్యి పట్టుకుని తిరిగింది నేను.

ఏమీ చేయని పని

మర్నాడు పొద్దున్నే పోలయ్యను ఏటి ఒడ్డుకు తీసుకుపోయాను. నాడి చూడలేదు. శ్లోకం చదవలేదు. పక్కన కూర్చున్నానంతే. నా వృత్తిలో ఇంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు. నాకు మాట్లాడే జబ్బు ఉంది, మీరు గమనించే ఉంటారు. మధ్యాహ్నమైంది. మేమిద్దరం ఎండకు నీడలోకి జరిగి, నీడతోపాటు పక్కకు జరుగుతూ కూర్చున్నాం. పొద్దు వాలాక అతనే మొదలుపెట్టాడు.

"చెక్క ఒక్కటే దొరికిందండి. ఇద్దరం పట్టుకున్నాం. వాడి చెయ్యి నా చేతిలో ఉందండి. చాలాసేపు ఉంది. తర్వాత లేదు. నేను వదిలేనో, వాడు వదిలేడో నాకు తెలీదండి."

ఒడ్డున పడ్డాక ఇంటికి రాలేకపోయాడు. తమ్ముడేడి అని నూకాలు అడుగుతుంది. అందుకని వెనక్కి తిరిగి నడిచి, ఆనకట్ట పనిలో చేరాడు. ఏడాది రాళ్ళు మోశాడు. ఆనకట్ట పని తగ్గాక కూలీల ముఠాను కాలువ తవ్వడానికి పంపారు.

"తవ్వేకొద్దీ ఇల్లు దగ్గరవుతోందండి. నేను రాలేదండి, కాలువే నన్ను తీసుకొచ్చింది. ఒకరోజు గాలిలో ఎండుచేపల వాసనొచ్చింది. ఇంక ఆగలేకపోయేను."

అప్పుడు మాత్రం నోరు తెరిచాను. "ఈ మాట వినాల్సింది నేను కాదు పోలయ్యా."

"ఆయ్" అన్నాడు. లేచాడు.

నూకాలు గుమ్మం లోపల వల ముందు కూర్చుని ఉంది. అతను వాకిట్లోనే నిలబడి మొత్తం చెప్పాడు. రంగం లేదని చెప్పాడు. చెయ్యి సంగతి చెప్పాడు. ఆమె వేళ్ళు వల మీద ఆగిపోయాయి.

"వాడు ఏమన్నా అన్నాడా?" అంది చివరికి.

"'నేను ఏడ్చేనని అక్కతో చెప్పకు బావా' అన్నాడు."

రెండేళ్ళుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వీధి చివరిదాకా వినిపించింది. పోలయ్య గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు, ఆమె ఆపలేదు. చాలాసేపటికి విస్తరి వేసింది. గోడ మీద వాలిన కాకిని తన చేత్తోనే అదిలించింది.

మీసాల పసివాడు

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. పురోహితుడు ఒప్పుకోలేదు. కర్మ జరిగిపోయినవాడు ఊరికే వచ్చి కాపురం చేయడానికి వీల్లేదు, మళ్ళీ పుట్టాలన్నాడు. శాస్త్రం అలాగే ఉంది. పోలయ్యను పెద్ద గంగాళంలో ముడిచి కూర్చోబెట్టి, నెయ్యి పోసి, బయటికి తీశారు. పురుడు కడిగినట్టు కడిగారు. చీర ఉయ్యాల కట్టి అందులో వేస్తే దూలం మూలిగింది. కొడుకు ముప్పై ఏళ్ళ మీసాలతో ఉయ్యాల్లో ఊగుతుంటే బంగారమ్మ జోలపాట పాడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. పేరు పెట్టమంటే మళ్ళీ పోలయ్యే పెట్టింది. ఇంకో పేరు నేర్చుకునే వయసు దాటిందంది.

మర్నాడు ఆ పసివాడికి పెళ్ళి. పెళ్ళికూతురు నూకాలే. గవరయ్య మేళంలో గొంతు కలిపాడు. నాదస్వరం వాయించేవాడు కాసేపటికి ఊరుకున్నాడు. పైడమ్మ కొత్త గాజులు తెచ్చింది. నా నెయ్యి కూడా ఎట్టకేలకు పనికొచ్చింది. గంగాళంలో పోసింది అదే.

మీకు చెప్పదలచింది

ఎన్నేళ్ళు చదవాలని అడుగుతున్నారు కదా. మందు వైద్యం కావాలంటే పదేళ్ళు చదవండి, తగ్గించవద్దు. నిజంగా మందుతో కుదిరే జబ్బులున్నాయి. మూర్ఛ రోగి ముందు ఊరికే కూర్చుంటే పాపం. గవరయ్య పని కావాలంటే గొంతు చూసుకోండి, అంతకన్నా ముందు చెయ్యి ఎక్కడ ఆపాలో నేర్చుకోండి. వాతలు పెట్టే భూతవైద్యులు నాకు తెలుసు, వాళ్ళని వైద్యులనడానికి నా నోరు రాదు. సోదె మీకు రాదు, ఆశ వదులుకోండి. కాని పైడమ్మలాగా తెలిసిన మాటను మింగడం ఎవరైనా నేర్చుకోవచ్చు. మీకు చేతకాని రోగిని పక్కవాడికి పంపడానికి సిగ్గుపడకండి. ఆ సిగ్గు వల్ల నేను పాడుచేసిన రోగులు కొందరున్నారు, వాళ్ళ సంగతి రాసే ధైర్యం ఇప్పటికీ లేదు.

పోలయ్య పెళ్ళయిన ఏడాదికి పనిమీద కాట్రేనికోన వెళ్ళి, వాళ్ళింటికి వెళ్ళాను. పోలయ్య వేటలో ఉన్నాడు. నూకాలు ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చోమని పీట వేసింది. చాలాకాలంగా మనసులో ఉన్న మాట అడిగేశాను.

"నిజం చెప్పమ్మా. అతను దయ్యమని నువ్వు నిజంగా అనుకున్నావా?"

"లేదండి" అంది. "వచ్చిన్నాడే మనిషేనని తెలిసిందండి. గుమ్మంలో నిలబడి నా మొహం చూడలేదండి ఆయన. నా వెనక ఇంట్లోకి చూసేరు, ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు."

"మరి దయ్యమని ఎందుకన్నావు? కబురు పంపలేదని కోపమా?"

ఆమె చేప ఒకటి తిరగేసి, దాని పక్కన ఇంకొకటి తిరగేసింది.

"దయ్యాన్ని ఎవరూ ఏమీ అడగరు కదండీ. మనిషని ఒప్పుకుంటే అడగాలి. అడిగితే చెప్తారు. ఆయన నోరు విప్పనంతసేపూ, ఈయనొచ్చినట్టే మా అప్పన్న కూడా ఎప్పుడో నడిచొస్తాడని ఉండేదండి."

ఏడాదిగా ఈ కథను ఊరూరా నా ఘనతగా చెప్పుకుంటున్నాను.

"అయితే నేను చేసింది తప్పేనా నూకాలమ్మా?"

"అయ్యో, అదేం మాటండీ. ఎప్పటికైనా తెలియాల్సిందే కదండీ" అంది. తర్వాత కొంచెం నవ్వింది. "కాపోతే ఇంకో పది రోజులు ఆగుంటే బాగుండేదండి."

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ పది రోజులూ ఇచ్చాను.